సిక్కు పెళ్లిలో నిష్ఠ మాట ముందు మగవాడికే

సిక్కుల పెళ్లికి మొదటిసారి వెళ్లిన తెలుగువాళ్లకు ఏదో వెలితిగా ఉంటుంది. ముహూర్తం ఉండదు, హోమం ఉండదు, తాళి ఉండదు. వధూవరులు నోరు విప్పి ఒక్క ప్రమాణమైనా చెయ్యరు. మన పెళ్లిలో ధర్మార్థకామాల్లో ఈమెను అతిక్రమించనని వరుడి చేత 'నాతిచరామి' అనిపిస్తారు. సంస్కృతం రాకపోయినా ఆ మాట అతని నోటినుంచి వస్తుంది. సిక్కుల పెళ్లిలో, అంటే ఆనంద్ కారజ్‌లో, ఆ ఇద్దరూ చేసేదల్లా వినడం, తల వంచడం, నడవడం.

ప్రమాణం లేదు కాబట్టి నిష్ఠ మీద పట్టింపు తక్కువేమో అనుకుంటే పొరపాటు. నాకు తెలిసినంతలో దాంపత్య నిష్ఠను ఇంత కచ్చితంగా, అందులోనూ ముందు మగవాడి వైపు తిరిగి చెప్పిన సంప్రదాయాలు తక్కువ. ఆ వరసను మనం పట్టించుకోలేదని, ఈ రోజుల్లో పట్టించుకోవలసింది అదేనని నా వాదన.

ముందు ఆ గంట, గంటన్నర సేపట్లో జరిగేది చూద్దాం. కార్యక్రమం సాధారణంగా పొద్దున పెట్టుకుంటారు. జాతకాలు, శుభఘడియలు చూడకూడదని సిక్కు రెహత్ మర్యాదా స్పష్టంగా చెబుతుంది. ఇది 1945లో ఆమోదం పొందిన సిక్కుల ఆచార నియమావళి. రెండు కుటుంబాలకూ వీలైన రోజే మంచిరోజు. సిక్కుల పవిత్ర గ్రంథమైన గురు గ్రంథ్ సాహిబ్ ఎదుట వరుడు కూర్చుంటాడు, అతని ఎడమ పక్కన వధువు. ఇద్దరూ, వాళ్ల తల్లిదండ్రులూ నిలబడి అర్దాస్, అంటే ప్రార్థన, చేస్తారు. తరువాత పెళ్లి జరిపించేవారు ఇద్దరికీ గృహస్థ ధర్మం వివరించాలి. వాళ్లు గ్రంథం ముందు తల వంచితే ఒప్పుకున్నట్టు. అప్పుడు వధువు తండ్రి వరుడి భుజం మీది వస్త్రపు కొంగును, పల్లాను, ఆమె చేతికి ఇస్తాడు. 'అన్ని బంధాలూ అబద్ధమని చూసి నీ కొంగు పట్టుకున్నాను' అనే అర్థం వచ్చే శబద్, అంటే కీర్తన, పాడతారు. అక్కడ 'నీ' అన్నది వరుణ్ణి ఉద్దేశించి కాదు, దేవుణ్ణి.

ఆ తరువాతవి నాలుగు లావాఁలు. నాలుగో గురువు రామ్‌దాస్ సూహీ రాగంలో రాసిన ఈ నాలుగు పద్యాలు గురు గ్రంథ్ సాహిబ్ 773, 774 పుటల్లో ఉన్నాయి. ఒక్కో పద్యం చదవగానే రాగీలు, అంటే కీర్తన గాయకులు, దాన్నే పాడుతుండగా వరుడు ముందు, వధువు వెనక, గ్రంథానికి ప్రదక్షిణం చేసి తల వంచుతారు. ఇలా నాలుగుసార్లు. చివర ఆనంద్ సాహిబ్ అనే కృతిలోని మొదటి అయిదు పౌడీలు (చరణాలు), ఆఖరి పౌడీ, మళ్లీ అర్దాస్, గ్రంథం తెరిచి చదివే హుకమ్‌నామా, అందరికీ పంచే కడా ప్రసాద్.

ఆ నాలుగు పద్యాల్లో భార్యాభర్తల ఊసు నేరుగా ఉండదు. మొదటిది గృహస్థ జీవితంలో ధర్మాన్ని గట్టిగా పట్టుకోమంటుంది. రెండోదానిలో గురువు దొరుకుతాడు, భయం పోతుంది, అహంకారపు మురికి కడుక్కుపోతుంది. మూడోదానిలో వైరాగ్యం పొంగుతుంది, సత్పురుషుల సాంగత్యం దొరుకుతుంది. నాలుగోదానిలో మనసు సహజస్థితికి వచ్చి, వెతుకుతున్నవాడు కలుస్తాడు. వధువు జీవాత్మ, వరుడు పరమాత్మ. మన మధురభక్తి తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. అన్నమయ్య తనను తాను నాయికగా ఊహించుకుని పాడిన పదాలు మనకు ఉన్నాయి.

అయితే ఆ ఊహను పెళ్లి మధ్యలోకి తెచ్చిపెడితే ఏమవుతుందో చూడండి. ఈ లోకంలో పురుషుడు ఒక్కడే, మిగిలినవాళ్లందరూ స్త్రీలే అన్నారు మూడో గురువు అమర్‌దాస్. అంటే ఆ పందిట్లో ముందు నడుస్తున్న వరుడు కూడా వధువే. కొంగు తనది కాబట్టి తాను యజమాని అనుకోవడానికి ఆ పద్యాల్లో చోటు లేదు. భార్యాభర్తలంటే పక్కపక్కన కూర్చునేవాళ్లు కాదు, రెండు మూర్తుల్లో ఒకే జ్యోతి అన్నదీ ఆ గురువే. ఒకే జ్యోతి అయినప్పుడు ఒకరు కాపలా, ఇంకొకరు కాపలాలో ఉన్న సొత్తు కావడం కుదరదు.

ఇప్పుడు నిష్ఠ సంగతి. దీనికి మన భాషలో ఇద్దరికీ సరిపోయే మాట ఒకటి లేకపోవడమే ఒక చిక్కు. స్త్రీకి పాతివ్రత్యం ఉంది, దాని చుట్టూ బోలెడు కథలున్నాయి. పురుషుడికి ఏకపత్నీవ్రతం ఉంది, కానీ దాన్ని రాముడికి అప్పగించి మనం చేతులు దులిపేసుకున్నాం. రెహత్ మర్యాదా ఈ విషయం ఎత్తుకున్న తీరు వేరు. పరుల కూతుర్ని కూతురిగా, పరుల భార్యను తల్లిగా చూసి, తన భార్యతోనే అనురక్తుడై ఉన్నవాడే రహత్ (ఆచార నియమం) గల సింఘ్ అని ఒక పద్యం పెట్టి, దాని కింద, అలాగే సిక్కు స్త్రీ తన పతివ్రత ధర్మంలో ఉండాలి అంటుంది. ఆ 'అలాగే'ను గమనించాలి. కొలబద్ద మగవాడి నడత, స్త్రీది దానికి జత.

పెళ్లిలో చెప్పాల్సిన హితవులోనూ అదే వరస. వరుడికి చెప్పాల్సింది ఇది: భార్యను తన శరీరంలో సగంగా చూడాలి, ఉన్నదంతా ఆమెతో పంచుకోవాలి, ఆమె దేహాన్ని, గౌరవాన్ని కాపాడాలి, పూర్తి నిష్ఠతో ఉండాలి, ఆమె తల్లిదండ్రులను తన తల్లిదండ్రులతో సమానంగా గౌరవించాలి. ఆమెకు చెప్పాల్సిన దానిలోనూ నిష్ఠ ఉంది, అత్తమామల పట్ల అదే గౌరవం ఉంది, దాంతోపాటు భర్తను సేవించమన్న మాట కూడా ఉంది. అతనికి 'కాపాడు', ఆమెకు 'సేవించు' అనే ఈ తేడా నాకు నచ్చదు. లావాఁలలో అది లేదు. నియమావళి రాసిన కాలపు నీడ అది. కానీ నిష్ఠ దగ్గరికి వచ్చేసరికి నీడ లేదు, ఇద్దరికీ ఒకే మాట.

అమృత్ తీసుకున్న, అంటే ఖాల్సా దీక్ష పొందిన, సిక్కుకు నిషేధించిన నాలుగు కురహిత్‌లలో (ఘోరమైన తప్పుల్లో) మూడోది ఇంకా సూటిగా ఉంటుంది. జుట్టు తీయించడం, కుట్టా (హలాల్ పద్ధతిలో కోసిన) మాంసం తినడం, పరస్త్రీ లేదా పరపురుష గమనం, పొగాకు. పరస్త్రీతో ఆపకుండా 'పరపురుష' అని రాశారు, ఎవరికీ మినహాయింపు లేకుండా. వీటిలో ఏది చేసినా మనిషి పతితుడు, మళ్లీ అమృత్ తీసుకోవాలి.

గురువుల వాణిలో ఈ విషయం వచ్చినప్పుడల్లా ఎదుట నిలబెట్టేది ఎక్కువగా మగవాణ్ణే. రెప్పపాటు కామసుఖం కోసం కోటి రోజుల దుఃఖం కొనుక్కుంటావు, పరుల ఇంటి పొందు విషసర్పంతో సావాసం అని అయిదో గురువు అర్జన్ ఆసా రాగంలో హెచ్చరించారు. ఆయనే ఇంకోచోట, ఎంతమంది స్త్రీలున్నా కామి చూపు పరాయి ఇంటి మీద నుంచి మరలదని, కట్టెలు ఎన్ని వేసినా నిప్పుకు తృప్తి లేనట్టేనని అన్నారు. 'ఇంట్లో సుఖం లేక బయటికి వెళ్లాడు' అని అతని తరఫున మనం వినిపించే సమర్థనకు ఇది సూటి జవాబు. లోటు ఇంట్లో లేదు, చూపులో ఉంది.

సిక్కు కవి భాయి గురుదాస్ 'వార్' అనే తన పద్యాల్లో, పరాయి స్త్రీలు అందంగా కనిపిస్తే తల్లులుగా, అక్కచెల్లెళ్లుగా, కూతుళ్లుగా ఎంచమన్నాడు. తెలుగువాడికి వెంటనే పోతన గుర్తొస్తాడు. పరకాంత ఎదురైతే మాతృభావంతో పక్కకు తొలగిపోయేవాడని ప్రహ్లాదుణ్ణి వర్ణించాడు కదా. 'పరనారీ సోదరుడు' అని మన వీరులకు బిరుదులు ఇచ్చుకున్నాం. పంజాబులో ఒకరు, తెలుగునాట ఒకరు, ఇద్దరూ మగవాడి కళ్ల గురించే మాట్లాడారు.

ఈ బోధ మీద ఈనాటి ఆడవాళ్లు వేసే ప్రశ్న న్యాయమైనదే: ఆఫీసులో పక్క సీట్లో ఉన్నావిడను గౌరవించడానికి ఆమెను అక్కనో అమ్మనో చెయ్యాలా, మనిషిగా చూస్తే చాలదా? చాలు. ఈ బోధను ఆమెకు తగిలించే వరసగా తీసుకుంటే చెడుతుంది. 'చెల్లెమ్మా' అని పిలుస్తూనే హద్దు మీరేవాళ్లు మనకు కొత్త కాదు. ఇది చూసేవాడు తన చూపుకు తాను వేసుకునే పగ్గం. ఆమెకు దాని సంగతే తెలియనక్కర్లేదు.

ఫోన్లు వచ్చాక నిష్ఠకు హద్దు ఎక్కడో తెలియడం లేదంటారు చాలామంది. ముట్టుకోలేదు కదా, మెసేజీలే కదా, ఆమె ఎవరో నేను ఎవరో తెలియదు కదా అంటారు. గురు అర్జన్ రాసిన సుఖ్‌మనీ సాహిబ్‌లో ఒక అష్టపది నిర్మలుడైన మనిషి గుర్తులు చెబుతుంది. అక్కడ పరస్త్రీ రూపాన్ని కళ్లతో చూడకపోవడం మూడో గుర్తు. మొదటిది నాలుకకు అబద్ధం అంటకపోవడం. రెండోది మనసులో దేవుడి దర్శనం మీద ప్రీతి. ముందు నాలుక, తరువాత మనసు, ఆ తరువాత కళ్లు.

ఆ వరసను ఫోనుకు పెట్టి చూస్తే హద్దు దానంతటదే కనపడుతుంది. 'ఎవరితో మాట్లాడుతున్నావు' అని అడిగితే పేరు మార్చి చెప్పిన క్షణం, స్క్రీను బోర్లా పెట్టిన క్షణం, మెసేజి చదివి చెరిపేసిన క్షణం నిష్ఠ తప్పినట్టే. ఒంటితో తప్పడం చాలా తరువాత, లేదా ఎప్పటికీ జరగకపోవచ్చు. అయినా పక్కనున్న మనిషి ఒకటీ, తన భార్యకు తెలిసిన మనిషి ఇంకొకటీ అయిపోయాడు. రెండు మూర్తుల్లో ఒకే జ్యోతి అన్న మాట అక్కడే విరిగింది. అందుకే పాస్‌వర్డులు ఇచ్చిపుచ్చుకోవడం, ఫోన్లు తనిఖీ చెయ్యడం దీనికి మందని నేను అనుకోను. అది కాపలా, మనిషిని సొత్తుగా చేసే పని. దాచిన మాటను పెద్దది కాకముందే, అడగకముందే ఆ రోజే చెప్పేయడం మందు. తెల్లవారుజామున జప్‌జీ, సాయంత్రం రహ్‌రాస్, పడుకునేముందు కీర్తన్ సోహిలా చదివే నిత్యనేమ్‌ను ఇద్దరూ కలిసి చేసే ఇళ్లలో ఈ చెప్పుకోవడానికి రోజూ ఒక వేళ ఉంటుంది. కలిసి కూర్చునే వేళే లేని ఇళ్లలో దాచిన మాట బయటికి రావడానికి దారే ఉండదు.

చట్టం సంగతి. నిప్పు చుట్టూ తిరగని ఆనంద్ పెళ్లి చెల్లుతుందా అన్న సందేహానికి జవాబుగా 1909లో ఆనంద్ వివాహ చట్టం వచ్చింది. 2012 సవరణతో నమోదుకు వీలు కల్పించారు. నిబంధనలు చెయ్యని రాష్ట్రాలను చెయ్యమని 2025లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. అందుకే పెళ్లికి ముందే తమ రాష్ట్రంలో ఏ చట్టం కింద నమోదు అవుతుందో రిజిస్ట్రార్ ఆఫీసులో అడిగి తెలుసుకోవడం మంచిది. ఆనంద్ చట్టంలో విడాకుల ఊసు లేదు. ఆ దారి 1955 నాటి హిందూ వివాహ చట్టం గుండా వెళ్తుంది. భార్య ఉండగా ఇంకో పెళ్లి సాధారణంగా చేసుకోకూడదని రెహత్ మర్యాదా అంటే, ఆ 'సాధారణంగా'కు కూడా చోటు లేకుండా చేసింది ఈ చట్టమే.

2018 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు శిక్షాస్మృతిలోని 497 సెక్షన్‌ను కొట్టేసినప్పుడు, ఇక వ్యభిచారానికి అడ్డు లేదని వాపోయినవాళ్లున్నారు. ఆ సెక్షన్ ఏమందో చూడాలి. పరాయివాడి భార్యతో, ఆ భర్త ఒప్పుకోలు లేకుండా సంబంధం పెట్టుకుంటే నేరం. భర్త ఒప్పుకుంటే నేరం కాదు. భర్త పెళ్లికాని స్త్రీ దగ్గరికి వెళ్తే అసలు నేరమే కాదు, భార్యకు ఫిర్యాదు చేసే హక్కూ లేదు. అది నిష్ఠను కాపాడిన చట్టం కాదు, భర్త సొత్తును కాపాడిన చట్టం. అది పోతే సిక్కు బోధ నష్టపోయిందేమీ లేదు, ఎందుకంటే అది ఏనాడూ దాని మీద ఆధారపడలేదు. విడాకులకు వ్యభిచారం ఇప్పటికీ కారణమే.

తప్పు జరిగితే ఏం చెయ్యాలో రెహత్ మర్యాదాలో ఉంది. బయట చాలామందికి ఇది తెలియదు. తప్పు చేసినవాడు దగ్గరలోని సంగత్, అంటే సిక్కుల సమావేశం, ముందు నిలబడి ఒప్పుకోవాలి. సంగత్, గురు గ్రంథ్ సాహిబ్ సమక్షంలో, తనలోంచి అయిదుగురు ప్యారేలను (ప్రియమైనవాళ్లను) ఎన్నుకుంటుంది. వాళ్లు ఆలోచించి తన్‌ఖాహ్, అంటే దండన, ప్రతిపాదిస్తారు. క్షమించడానికి సంగత్ మొండికెయ్యకూడదు, దండన మీద తప్పు చేసినవాడు వాదించకూడదు. దండన సేవ రూపంలో ఉండాలి, అదీ వీలైనంతవరకు చేతులతో చేసేది. గురుద్వారా ఉచిత భోజనశాల అయిన లంగర్‌లో గిన్నెలు తోమడం, వచ్చినవాళ్ల చెప్పులు తుడవడం లాంటిది. చివర అర్దాస్. కురహిత్ అయితే మళ్లీ అమృత్. ఆ అమృత్ ఇచ్చే అయిదుగురిలో స్త్రీలూ ఉండవచ్చు. అమృత్ తీసుకోనివాళ్లకు పతితుడన్న ముద్ర వర్తించదు, కానీ బోధ అదే.

దీనికి పెద్దా చిన్నా లేదు. మహారాజా రంజీత్ సింగ్ మోరాఁ అనే నాట్యకత్తెను చేపట్టినందుకు అకాలీ ఫూలా సింగ్ ఆయన్ను సిక్కుల అత్యున్నత పీఠమైన అకాల్ తఖ్త్‌కు పిలిపించాడని, కొరడా దెబ్బలకు వీపు చూపి నిలబడితే సంగత్ క్షమించిందని చెప్పుకుంటారు. ఎందరో రాణులున్న రాజు ఆదర్శ భర్త కాదు. కానీ లాహోరు దర్బారును ఏలినవాడు కూడా ఈ విషయంలో ఒక చావడి ముందు నిలబడాల్సి వచ్చింది. మనకు కాస్త దగ్గరి సంగతి: 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న నాందేడ్‌లోని హజూర్ సాహిబ్ గురుద్వారా ఆ రాజు కట్టించినదే. నిజాం కొలువుకు ఆయన కాలంలో లాహోరు నుంచి వచ్చిన సిక్కు సైనికుల వారసులు హైదరాబాదు పాతబస్తీకి ఆవల ఇవాళ్టికీ ఉన్నారు. దక్కనీ, తెలుగు వాళ్లకు ఇంటి భాషలు.

ఈ పద్ధతి ఎక్కడ చెడిపోతుందంటే, సంగత్ క్షమను భార్య నెత్తిన పెట్టేటప్పుడు. 'అయిదుగురు క్షమించారు, సేవ చేశాడు, ఇక నువ్వెందుకు పట్టుబడతావు' అని ఆమెను తిరిగి కాపురానికి పంపే పెద్దలు ఏ ఊళ్లోనైనా ఉంటారు. నియమావళిలో అలాంటి మాట లేదు. సంగత్ క్షమించేది రహత్ తప్పిన సిక్కును, మళ్లీ రహత్‌లోకి తీసుకోవడానికి. గాయపడ్డ మనిషి తరఫున క్షమించే అధికారం దానికి ఎవరూ ఇవ్వలేదు. అతను గిన్నెలు తోమినంతకాలం ఆమె వేరే ఇంట్లో ఉండవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. ఆ రెండు లెక్కలనూ వేరువేరుగా ఉంచగలిగితేనే ఈ పద్ధతికి విలువ. పెద్దలు మధ్యవర్తిత్వం చేసేటప్పుడు మొదటిరోజు ఆమెతో విడిగా, ఆమె కోరిన స్త్రీ సమక్షంలో మాట్లాడాలి. అతని తన్‌ఖాహ్ ముగిసేదాకా కాపురం ప్రస్తావనే తేకూడదు.

ఇదంతా పెళ్లినాడే ఎందుకు తలకెక్కదు? హితవు చెప్పే భాగాన్ని మింగేస్తున్నారు కాబట్టి. ఊరేగింపు ఆలస్యంగా వస్తుంది, భోజనాల వేళ ముంచుకొస్తుంది, పది నిమిషాలు చెప్పాల్సిన దాన్ని రెండు నిమిషాల్లో కానిచ్చేస్తారు. ఫొటోగ్రాఫర్లు గ్రంథానికీ దంపతులకూ మధ్య దూరుతారు. లావాఁల పంజాబీ పాతది, పంజాబ్ పిల్లలకే సగం అర్థం కాదు. సముద్రపు ఒడ్డున, రిసార్టుల్లో ఆనంద్ కారజ్ చెయ్యకూడదని అకాల్ తఖ్త్ 2023 అక్టోబరులో ఆదేశించింది. స్థలం మార్చడం దానితో తేలుతుంది, అర్థం తేలదు. తెలుగు ఇంటి పిల్ల సిక్కు ఇంటికి వెళ్తున్నా, అటునుంచి ఇటు వస్తున్నా, పెళ్లికి వారం ముందే గ్రంథితో (గురుద్వారాలో గ్రంథం చదివేవారితో) కూర్చుని నాలుగు పద్యాలకూ తెలిసిన భాషలో అర్థం చెప్పించుకోవాలి. వరుడు తప్పకుండా ఉండాలి. పెళ్లికొడుక్కి చెప్పే హితవును రెండువైపుల తండ్రులూ కూడా వినడం మంచిది.

ఒక సంగతి మిగిలింది. భర్త పోయిన స్త్రీ మీద మరిది చేత చాదర్ (దుప్పటి) కప్పించి ఆమెను అతనికి అప్పగించే కరేవా అనే ఆచారం పంజాబులో ఉండేది. భూమి ఇల్లు దాటిపోకూడదన్నది దాని లెక్క, ఆమె ఇష్టం కాదు. రెహత్ మర్యాదా దాన్ని ఎత్తుకోలేదు. ఆమె కోరుకుంటే, తనకు తగినవాణ్ణి చూసుకుని, మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు అంది. భార్య పోయిన పురుషుడికీ అదే నియమం. ఆ రెండో పెళ్లికి కురచ పద్ధతి లేదు. అదే గ్రంథం ఎదుట, అదే పల్లా, అవే నాలుగు లావాఁలు.